పగిలిన పచ్చ పళ్ళెం

విషం తగిలితే పగిలిపోతాయని చెప్పి పచ్చ చీనా పళ్ళేలు అమ్మడం నా వ్యాపారం. నిజంగా పగులుతాయా అని నన్నెవరూ అడగలేదు, నేనూ ఒట్టేసి చెప్పలేదు. ఆగ్రా కోటలో ఒక్కో బేగం వంటింటికీ ఒక్కో భయం ఉండేది. ఆ భయానికి సరిపడా సరుకు ఖంభాత్ రేవు నుంచి తెప్పించేవాణ్ణి.

మండువేసవిలో ఒక పొద్దున పెద్ద బేగం రౌనక్ మహల్ దగ్గర్నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకి కొత్త పళ్ళెం ఒకటి పట్టుకుని రమ్మని. భోజనాల వేళ బేరమేమిటని అనుకుంటూనే వెళ్ళాను.

ఆడవాళ్ళుండే జనానా గుమ్మం దగ్గర కూర్చున్నానో లేదో లోపల పింగాణీ పగిలిన చప్పుడైంది. ఆ వెంటే ఆడవాళ్ళ కేకలు. జనానాకి కాపలా ఉండే నపుంసకుడు, బేగం నమ్మిన ఖోజా సందల్ అప్పటికప్పుడే బయటికొచ్చాడు.

“సేఠ్‌జీ, మీ పళ్ళెం మాట నిలబెట్టుకుంది,” అన్నాడు. మొహంలో కంగారన్నది లేదు. నన్ను లోపలికి తీసుకెళ్ళాడు.

పరదా ఇవతల దిల్‌షాద్ అనే వంటమనిషి నేల మీద కూలబడి ఉంది. పెద్ద బేగం సవతి, చిన్న బేగం, పుట్టింటి నుంచి తెచ్చుకున్న మనిషి. ఈమధ్యే ఆమెని పెద్ద బేగం వంటింటికి కానుకగా పంపిందట. గోధుమలూ మాంసమూ కలిపి ఆమె జావలా వండిన హరీసా వడ్డించగానే పళ్ళెం రెండు ముక్కలైంది. నేను ముక్కలు చూసి విషమే అంటే ఆమె తల పోతుంది. దాని వెనకే చిన్న బేగం పరువూ పోతుంది.

ఒక ముక్క ఎత్తాను. పైన అంటుకున్న హరీసా ఇంకా పొగలు కక్కుతోంది. అడుగు మాత్రం వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది. ఆ ఎండల్లో జనానాలో మంచు ఉండేది పెద్ద బేగం పెట్టెలోనే. దాని తాళంచెవి సందల్ నడుముకి వేలాడుతోంది. మంచులో ఉంచిన పళ్ళెంలో ఉడుకుడుకు హరీసా పోస్తే పగలడానికి విషమెందుకు? కబురేమో పొద్దున్నే వచ్చింది. పగలబోయే పళ్ళేనికి సాక్షిని ముందే పిలిపించుకున్నారు.

లెక్క వేసుకున్నాను. విషమంటే కోటంతా నా సరుకే కొంటుంది. మంచు సంగతి చెబితే పెద్ద బేగాన్ని అబద్ధాలకోరు అన్నట్టే, నేను ప్రాణాలతో గుమ్మం దాటను. దిల్‌షాద్ నా వైపు చూడనుకూడా లేదు. చూసి బతిమాలి ఉంటే విసుక్కుని నా బేరం నేను చూసుకునేవాణ్ణేమో.

“ఏం చెబుతావ్ లుక్మాన్‌జీ?” పరదా వెనక గొంతు తీయగా ఉంది.

“తప్పు నా సరుకుది బేగం సాహెబా. కాల్చడంలో లోపం. మిగిలిన హరీసా ఈ కొత్త పళ్ళెంలో పోయించండి. ఇదీ పగిలితే విషమే.”

పోశారు. పగల్లేదు.

“అయితే నాకు పుచ్చు సరుకు అంటగట్టావన్నమాట.”

“అంటగట్టాను.” ఆ ఒక్క మాటతో ఆగ్రాలో నా దుకాణం మూతపడింది.

“పోనీలే, ఒప్పుకున్నావు. ఎండన పడి వచ్చావు, ఆకలితో పంపితే మాకు పాపం. ఆ హరీసా తిని వెళ్ళు. విషం లేదని నువ్వే అన్నావుగా.”

సందల్ ఆ పళ్ళేన్ని పరదా లోపలికి తీసుకెళ్ళాడు, నెయ్యి వేయడానికట. తిరిగి తెచ్చి నా ముందు పెట్టి ఎదురుగా చతికిలబడ్డాడు.

“తినండి మియా. కొత్త పెళ్ళికొడుకులా సిగ్గెందుకు?”

అప్పుడు దిల్‌షాద్ తలెత్తింది. “సేఠ్,” అంది మెల్లగా, “నెయ్యి నేను ముందే వేశాను.”

తినకపోతే విషముందని నేనే ఒప్పుకున్నట్టు. అది మళ్ళీ ఆమె మెడకే చుట్టుకుంటుంది. ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను గానీ, పళ్ళేన్ని నమ్మి చూడడం అదే మొదటిసారి. అంచు చుట్టూ వేలితో తడిమాను. ఎక్కడా గీత లేదు. తిన్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది.

ఏమీ కాలేదు. లోపల కలిపింది నెయ్యేనో, నా భయం చూడాలని ఆడిన ఆటో ఇప్పటికీ తెలీదు. దిల్‌షాద్‌ని ఆ సాయంత్రమే చిన్న బేగం దగ్గరికి పంపేశారని విన్నాను. నేను ఖంభాత్ వచ్చేసి మిరియాల వ్యాపారంలో పడ్డాను.

ఆ కొత్త పళ్ళేన్ని బేగం వద్దని తిప్పి పంపింది. ఇంట్లో కొత్తవాళ్ళెవరైనా వండిన రోజున నాకు దాంట్లోనే వడ్డించమంటాను.