కరియడు ఏడవని రోజు

మా అన్న వెంకటముని తిరుపతిలో జట్కా తోలేవాడు. స్టేషన్లో యాత్రికులను ఎక్కించుకుని అలిపిరి దగ్గర దించేవాడు. ఆయన కాళ్ల దగ్గర గోనెపట్టా మీద కరియడు కూర్చునేవాడు. నల్లకుక్క. ఎనిమిదేళ్లలో ఒక్క పూట ఒంటరిగా ఉండి ఎరగడు. యుద్ధం జరుగుతున్న ఆ ఏడు కలరా వచ్చి రెండు రోజుల్లో అన్నను ఎత్తుకుపోయింది. ఆయనకు పెళ్లాం బిడ్డలు లేరు. బండినీ గుర్రాన్నీ ఒక సాయిబు కొనుక్కున్నాడు. కుక్కను ఎవరూ అడగలేదు, నేను తెచ్చుకున్నాను.

నేను సత్రంలో వంట చేసేదాన్ని. పొద్దున పోతే మధ్యాహ్నం దాటాకే రావడం. నేను గడప దాటగానే కరియడు మోర పైకెత్తి ఏడుపు అందుకునేవాడు. మొరిగితే ఎవరూ పట్టించుకోరు. ఏడుపుతోనే వచ్చింది తంటా. కుక్క ఏడిస్తే చావు తప్పదంటారు మావైపు. పక్కింటి సుందరరాజు నెలరోజులుగా జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు.

మూడో రోజు ఆయన పెళ్లాం నాగరత్నమ్మ మా గుమ్మంలోకి వచ్చింది.

"శకుంతలక్కా, నీకు దండం పెడతా. నీ కుక్క నా తాళి మీద ఏడస్తా ఉండాది. దాన్ని యాడన్నా ఇడిసిపెట్టు."

"అది మా అన్న కోసం ఏడస్తా ఉండాది. నీ మొగుని కోసం కాదు."

"ఎవురి కోసమైతే ఏముండాది? శుక్రారం దాకా సూస్తా. ఆపైన మా తమ్ముడు దాన్ని స్వర్ణముఖి ఏటికి అవతల వదిలేసి వస్తాడు."

నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. ఆలోగా ఆమె మొగుడి మూలుగు విని ఇంటికి పరిగెత్తింది.

శుక్రవారం దాకా సత్రానికి నా బదులు ఎదురింటి అక్కమ్మను పంపాను. వంటపెద్ద "కుక్క కోసం సెలవా?" అని నవ్వాడట. నవ్వుకోనీ. నట్టింట్లో అన్న గోనెపట్టా పరిచి, "పోయొస్తా" అని చెప్పి గడప దాటి, చిటికెలో తిరిగొచ్చాను. తర్వాత బావి దాకా పోయాను. తర్వాత వీధి చివరి దాకా. అది ఏడుస్తుంటే తలుపు తీసేదాన్ని కాదు. ఏడుపు ఆపాకే తీసి సంగటిముద్ద పెట్టేదాన్ని. ఆసుపత్రికి పోయిన పొద్దు అన్న కూడా దానికి పోయొస్తాననే చెప్పాడు. ఇంక నా మాట ఎట్లా నమ్ముతుంది? తలుపు బయట నిలబడి నేనూ ఏడ్చాను.

శుక్రవారం గుండె చిక్కబట్టుకుని పనికి పోయాను. తిరిగొచ్చేసరికి వీధిలో చప్పుడు లేదు. నాగరత్నమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"అక్కా, పొద్దన్నుంచి ఒక్క కూత లేదు! ఇంక ఆయనకు బాగయిపోతాది. పెద్దాసుపత్రికి పోదామని పిలిపించిన బండిని కూడా వద్దని పంపించేసినా."

ఆ మాట విన్నాను. విని కూడా, నా కుక్క నాకు దక్కిందన్న సంతోషంలో లోపలికి పరిగెత్తాను. కరియడు గోనెపట్టా మీద హాయిగా పడుకుని ఉన్నాడు. వాణ్ని కావలించుకుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున సుందరరాజు పోయాడు.

కుక్కకు నీ మొగుడి సంగతి ఏమీ తెలియదే, ఏడవకుండా ఉండడం నేను నేర్పిన పని, ఆ బండిని వెనక్కి పిలిపించు అని శుక్రవారమే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పరామర్శకు పోతే నాగరత్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తిట్టి ఉంటే పడేదాన్ని. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"అది ఏడిసి ఉంటే నేను బండిని వెనక్కి పంపించేదాన్ని కాదు కదక్కా" అంది.