పసుపు చేతులు

మాది వేల్పూర్. పసుపు ఉడకబెట్టే దినాలల్ల పొద్దుగాల ఇంటి పని చేసి, బస్సెక్కి నిజామాబాద్ కాలేజీకి పోతుంటి. కెమిస్ట్రీ ల్యాబ్ దర్వాజ కాడనే నరహరి సార్ నా చేతులు చూసి మొకం చిట్లిస్తుండె.

"గలీజు చేతులు! సబ్బు పెట్టి కడుక్కొని రా, గంగామణీ. లేకుంటే పోయి పసుపు తవ్వుకో."

అందరు నవ్వెటోళ్లు. నా ఒళ్లు మండుతుండె. అయినా కడుక్కొని మళ్ల వస్తుంటి. రెండేండ్లు ప్రాక్టికల్‌ల ఫెయిల్ చేసిండు.

మూడోసారి పరీక్షల, ఆమ్లంల క్షారం చుక్కచుక్క పోసుడిచ్చిండు. రంగు మారంగనే ఆపాలె. ఆ రంగు చూపే మందు మాత్రం నాకియ్యలె.

"అయిపోయింది," అన్నడు. పక్క టేబుల్ మీద ఆ మందు నిండు సీస ఉన్నది.

నేను అడగలె. గోర్ల సందుల పసుపు గీకి ఫ్లాస్కుల ఏసిన. చుక్కచుక్క పోసిన. పసుపుపచ్చ నీళ్లు ఒక్క చుక్కకు ఎర్రగయినయి. ఆపిన. లెక్క సరిగ్గ వచ్చింది.

సార్ మొకం మాడింది. "ఇది నీకెవడు నేర్పిండు?"

"మీరే, సార్. నాతోని రోజు సబ్బు పెట్టి కడిగిపిచ్చిండ్రు గద. నురుగుల పసుపు ఎర్రగయితుంటె రెండేండ్లు చూసిన."