ఊ అన్నాడనుకున్నాడు

లిఫ్టులు బాగుచేసే ఒక కంపెనీలో ఇద్దరు మెకానిక్కులు ఎప్పుడూ జంటగానే పనికి వెళ్లేవాళ్లు. ఒకాయన పెద్ద మెకానిక్కు, రెండోవాడు చిన్న మెకానిక్కు. పెద్దాయన చిన్నవాడికి స్వయానా అక్క మొగుడు. ఆ పని ఒంటిచేత్తో అయ్యేది కాదు. ఒకరు మేడ మీద మోటారు గదిలో ఉంటే, ఇంకొకరు కింద చీకటి సందులో లిఫ్టు పెట్టె నెత్తిమీద కూర్చుని ఉంటారు. ఒకరికొకరు కనపడరు. మోటారు గది నేలలో తాళ్లు దిగే కంత ఒకటుంటుంది, దాంట్లోంచి వచ్చే మాటే ఆధారం. అందుకే సూపర్‌వైజరు ఈ బావాబావమరుదుల్ని విడదీసేవాడు కాదు.

వాళ్లిద్దర్నీ కలిపింది అక్క పెళ్లే అనుకుంటే పొరపాటు. కలిపింది నీడకాపరి. నల్ల ముసుగేసుకుని మేడల మీంచి మేడల మీదికి దూకే ఆ సినిమా వీరుడంటే ఇద్దరికీ ప్రాణం. పెళ్లిచూపుల నాడు ఎవరేం మాట్లాడాలో తెలియక అందరూ నేల చూపులు చూస్తుంటే, కాబోయే బావ చొక్కా జేబులోంచి నీడకాపరి బొమ్మున్న తాళంచెవుల గుత్తి జారిపడింది. అంతే, ఇద్దరూ పెళ్లికూతుర్ని వదిలేసి కబుర్లలో పడ్డారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి భాగానికీ మొదటి ఆట పక్కపక్క కుర్చీల్లోనే. పిల్లలు ఇంకా లేరు గానీ ఇద్దర్ని పెంచుతున్నానని అక్క ఇరుగుపొరుగుకి చెప్పుకునేది.

ఇప్పుడొచ్చిన భాగం వెనకటి కథ. కాపరి ఇంకా కాపరి కాకముందు ఏం చేసేవాడు, ఎలా బతికేవాడు అన్నది. పేరు ‘ముసుగుకు ముందు’. ఆ సినిమా ప్రకటించిన రోజు నుంచీ చిన్న మెకానిక్కు కాళ్లు నేలమీద లేవు. పాత భాగాల వసూళ్లన్నీ ఇది తుడిచిపెట్టేస్తుందని కనపడినవాడికల్లా చెప్పాడు. క్యాంటీన్లో ఎవడో నవ్వితే, అలా జరక్కపోతే మీసం గొరిగించుకుంటానని నలుగురి ముందూ మాట ఇచ్చాడు.

తీరా విడుదల రోజున బావకి అర్జెంటు పని తగిలింది. ఒక ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోతే, చిన్నవాడు అప్పటికే హాలు దగ్గరున్నాడని, ఆ ఒక్కసారికి ఆయన్ని వేరేవాళ్లతో పంపేశారు. చిన్నవాడు మొదటిసారి ఒక్కడే చూశాడు. బావ రెండ్రోజుల తర్వాత ఇంకో హాల్లో ఒక్కడే చూశాడు. అలా మొదలైంది తేడా.

హాల్లోంచి బయటికొస్తుంటే చిన్నవాడి గుండెలో ఏదో కలుక్కుమంది. సినిమా సాగింది. ముసుగు ఆఖర్న ఎక్కడో గానీ రాలేదు. దూకడాల్లేవు, ఎగరడాల్లేవు. మధ్యలో రెండుసార్లు ఆవలింత వచ్చింది కూడా. కానీ రెండేళ్లపాటు ఊదరగొట్టినవాడు ఆ మాట ఏ నోటితో చెబుతాడు? తనకి తానే చెప్పుకోలేదు. సినిమా ఎలా ఉందని ఎవరైనా అడిగేలోపే హాలు నిండిపోయిందని అనేవాడు. అక్కడి నుంచి వసూళ్లే లోకమైపోయాయి. పళ్లు తోముకుంటూ చూడటం, బస్సులో చూడటం, స్పానరు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోను చూడటం. కుదురుగా ఒకచోట కూర్చోలేడు. అన్నం ముందు కూర్చుంటే అది కంచంలోనే చల్లారిపోయేది.

మొదటి మూడు రోజులూ పరవాలేదనిపించింది. సోమవారం వసూళ్లు సగానికి పైగా జారాయి. అభిమానుల గ్రూపులో కొట్లాట మొదలైంది. పరీక్షల సీజనని కొందరు, వానలని కొందరు, హాళ్లు తక్కువిచ్చారని కొందరు. చిన్నవాడు వీటన్నిటినీ పోగేసుకుని మర్నాడు క్యాంటీన్లో అప్పజెప్పేవాడు. రెండో వారం పుంజుకుంటుందనీ, వేరే భాషల లెక్క ఇంకా రాలేదనీ వాదించేవాడు. విచిత్రమేమిటంటే అతనికి ఎదురు నిలిచింది బావే. తను చూసిన హాల్లో మనుషులకంటే కుర్చీలే ఎక్కువున్నాయని ఆయన నిదానంగా, టీ ఊదుకుంటూ చెప్పేవాడు. నిదానంగా చెప్పడమే చిన్నవాడికి ఒళ్లు మండించేది.

ఆ వారం చివర ఒకరోజు క్యాంటీన్ బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. వాదన ముదిరింది. తోటివాళ్లు మీసం వైపు అదోలా చూస్తున్నారు.

“సినిమా పోయిందిరా. ఒప్పేసుకో, పని చూసుకుందాం,” అన్నాడు బావ.

చిన్నవాడికి చెవులు ఎర్రబడ్డాయి. “నీ షాపుకంటే ఎక్కువే ఆడిందిలే,” అన్నాడు.

బల్ల దగ్గర నవ్వు ఆగిపోయింది. ఈ కంపెనీలో చేరకముందు బావ సొంతంగా మోటార్లు బాగుచేసే షాపు పెట్టాడు. ఏడాది తిరక్కుండానే మూసేశాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, అక్క కూడా. బావ గ్లాసు బల్ల మీద పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అన్నవాడికి అన్న మరుక్షణమే నాలుక కొరుక్కోవాలనిపించింది గానీ, ఆ రోజు పట్టింపు పట్టింపే అనుకున్నాడు. మర్నాడు ఇంకా కష్టమైంది. మూడో రోజుకి అసాధ్యమైంది.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. పనికి వెళ్లడం మాత్రం కలిసే. ఇదివరకైతే పైనున్నవాడు “బావా, జానెడు పైకి తీస్తున్నా” అనేవాడు, కిందున్నవాడు “జానెడు పైకి, తియ్యి” అని అదే మాట తిరిగి అప్పజెప్పేవాడు. తిరిగి చెప్పాకే మీట మీద చెయ్యి వెయ్యాలి, అది ఆ పనిలో మొదటి పాఠం. ఇప్పుడు అదంతా పోయింది. చిన్నవాడు “తియ్యనా?” అంటాడు. కంతలోంచి “ఊ” అని వస్తుంది. అంతే.

అలా ఉండగా ఒక పాత మేడలో లిఫ్టు పై అంతస్తు దగ్గర చిక్కుకుపోయిందని కబురొచ్చింది. పొద్దున్నే వెళ్లారు. తలుపు గొళ్లెం విరిగి ఇరుక్కుంది. కరెంటు ఆపేశారు. బావ పై అంతస్తు తలుపు తెరిచి లిఫ్టు పెట్టె నెత్తిమీదికి దిగాడు. ఆయన తలకీ పైనున్న ఇనుప దూలానికీ మధ్య ఎక్కువ జాగా లేదు, గొంతుక్కూర్చునే పని చెయ్యాలి. చిన్నవాడు మెట్లెక్కి మోటారు గదిలోకి వెళ్లాడు. ఇరుక్కున్న గొళ్లెం వదులవ్వాలంటే, బావ చెప్పాక పెట్టెని కాస్త కదపాలి. అక్కడ బ్రేకు మీట ఎత్తితే పెట్టె కదులుతుంది. అవతలి వైపు వేలాడే బరువు పెట్టెకంటే ఎక్కువ కాబట్టి, బ్రేకు వదిలిన క్షణంలో పెట్టె పైకే పోతుంది. అది అతనికి నిద్రలో అడిగినా తెలుసు.

మోటారు గదిలో ఉక్క. అతను అటూ ఇటూ తిరుగుతున్నాడు. జేబులో ఫోను జుయ్యిమంది. రెండో వారాంతం లెక్కలొచ్చాయి. తెరిచి చూశాడు. మళ్లీ చూశాడు. అన్ని భాషలూ కలిపినా పాత భాగాల మొదటి రోజుతో సరిపోలేదు. ఒక చేత్తో ఫోను పట్టుకునే కంత వైపు వంగి “తియ్యనా?” అన్నాడు.

“ఊ,” అని వినిపించింది.

మీట ఎత్తాడు. చక్రం మెల్లగా తిరగడం మొదలైంది. కళ్లు ఇంకా ఫోను మీదే.

“రేయ్!”

ఆ అరుపు బావ గొంతులా లేదు. అతను మీట వదిలేశాడు. బ్రేకు టక్కున పట్టుకుంది. కింద ఏదో ఇనుము కరకరమని నలిగిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. “బావా!” అన్నాడు. మెట్లు ఎలా దిగాడో అతనికే తెలీదు. తెరిచిన తలుపులోంచి చూస్తే బావ పెట్టె మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వీపుకీ దూలానికీ మధ్య బెత్తెడు సందు. పక్కన పనిముట్ల పెట్టె దూలం కింద నలిగి మూత లోపలికి పోయింది.

“బతికే ఉన్నా. కంగారు పడకు. చక్రం చేత్తో తిప్పి కిందికి దించు. నేను ‘దించు’ అంటాను. నువ్వు ‘దించుతున్నా’ అను,” అన్నాడు బావ నేలకేసి మాట్లాడుతూ.

అతను మళ్లీ పైకెళ్లాడు. ‘దించు’, ‘దించుతున్నా’. ‘ఇంకొంచెం’, ‘ఇంకొంచెం దించుతున్నా’. ఆ మాటలు అనుకుంటూ అనుకుంటూ బావని బయటికి తెచ్చాడు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. బావ భుజం గీరుకుపోయి చొక్కా అంటుకుంది. సంచులు మోసుకుంటూ ఒకావిడ పైకెక్కి, బాగైపోయిందా బాబూ అని అడిగింది. ఇంకా లేదమ్మా అన్నాడు బావ మామూలుగానే. ఆవిడ రొప్పుతూ తన తలుపు తీసుకుని లోపలికెళ్లాక చిన్నవాడు బావ వైపు తిరిగాడు.

“నువ్వు ఊ అన్నావు బావా.”

“అది నీకు కాదు. మోకాలు కొట్టుకుంది.” బావే మళ్లీ అడిగాడు. “అప్పుడు ఏం చూస్తున్నావ్?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. “కలెక్షన్లు,” అన్నాడు.

“ఎంతొచ్చింది?”

“పోయింది బావా. సినిమా పోయింది.”

బావ తలూపాడు. గెలిచినవాడిలా లేడు. కాసేపు భుజం ఊదుకున్నాడు. “సరే గానీ, నీకెలా ఉంది సినిమా?”

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అడగనివ్వలేదు కూడా. చిన్నవాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నచ్చలేదని చెప్పాడు. ఆవలింతలొచ్చాయని చెప్పాడు. ఎవరికీ చెప్పలేదన్నాడు.

“నాకు ఏడుపొచ్చింది,” అన్నాడు బావ.

చిన్నవాడు తలెత్తి చూశాడు.

“వాడు వాళ్ల నాన్నని వీపున వేసుకుని మెట్లు దిగుతాడు చూడు, ఆస్పత్రికి తీసుకెళ్లడానికి. ఆ మేడలో లిఫ్టు చెడిపోయి ఉంటుంది. ప్రతి అంతస్తు దగ్గరా ఆగి ఆయాసపడతాడు. నాకు లేచెళ్లి ఆ లిఫ్టు చూడాలనిపించిందిరా.”

ఆ సీను అతనికి గుర్తే లేదు. అప్పుడు తను వెనక్కి తిరిగి వెనక వరసల్లో ఎంతమంది ఉన్నారా అని చూస్తున్నాడు. “మరి పోయింది పోయింది అని ఎందుకన్నావ్?”

“పోయింది కాబట్టి. బాగుండటం వేరు, ఆడటం వేరు. నా షాపు కూడా బాగానే ఉండేది.”

చిన్నవాడు బావ చెయ్యి పట్టుకున్నాడు. క్షమించమని అడగడం చాతకాలేదు. బావ చెయ్యి లాక్కోలేదు, కానీ లే, ఆవిడ మళ్లీ మెట్లెక్కకుండా గొళ్లెం సంగతి చూద్దాం అన్నాడు.

ఈ విషయం ఎక్కడా అనొద్దని బావ చెప్పినా, సాయంత్రం చిన్నవాడే సూపర్‌వైజరు దగ్గరికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన తిట్టలేదు. జంట విడదీశాడు. చిన్నవాణ్ణి వర్క్‌షాపులో తలుపుల చక్రాలు శుభ్రం చేసే పనిలో వేశాడు. బావకి కొత్తగా చేరిన ఒకతన్ని ఇచ్చాడు. ఇంట్లో అక్క, భుజం మీది గాయం చూసి ఒకరి తర్వాత ఒకరిని నిలదీసి మొత్తం రాబట్టింది. తమ్ముడితో మాట్లాడ్డం మానేసింది. వారం తర్వాత ఫోను చేసి, నాకు మీ ఇద్దరూ కావాలిరా, ఆ ముసుగోడు అక్కర్లేదు అని పెట్టేసింది.

వర్క్‌షాపులో పని తేలిక. మనసుకే తెరిపి లేదు. ఇప్పుడతను వసూళ్లు చూడటం లేదు, ఇచ్చిన మాట ప్రకారం మీసం తీయించుకున్నాడు, గ్రూపులోంచి కూడా బయటికొచ్చేశాడు. కానీ బావ పనికి బయల్దేరిన దగ్గర్నుంచీ తిరిగొచ్చేదాకా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయేది. ఆ కొత్తతను మాట తిరిగి చెబుతున్నాడో లేదో. రోజూ పొద్దున్నే గేటు దగ్గర అతన్ని పట్టుకుని అదే పాఠం చెప్పేవాడు. ఆ కొత్తతను విసుగెత్తిపోయి, పక్క గేటులోంచి రావడం మొదలెట్టాడు.

సినిమాని దాదాపు అన్ని హాళ్లలోంచీ తీసేశారు. ఒక్క చిన్న హాల్లో పగటి ఆట మిగిలింది. సెలవు రోజున చిన్నవాడు వెళ్లాడు. ఈసారి వెనక్కి తిరిగి చూసే పని లేకుండా ఆఖరి వరసలో కూర్చున్నాడు. బావ చెప్పిన సీను వచ్చింది. చెడిపోయిన లిఫ్టు, దాని మీద ‘పనిచేయదు’ అని వేలాడే అట్ట, వీపు మీద ముసలాయన. కుర్రాడు మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే చిన్నవాడికి కూర్చోబుద్ధి కాలేదు. కాలు సరిగ్గా పడటం లేదు, ఆ ముసలాయన చెయ్యి జారుతోంది. లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అదీ చాలక కుర్చీల వెనక అటూ ఇటూ నడిచాడు. వాళ్లు నేలమీదికి దిగి రోడ్డు మీద నిలబడేదాకా అతనికి ఊపిరాడలేదు. ఏడుపు రాలేదు. సినిమా బాగుందో లేదో ఇప్పటికీ చెప్పలేడు. మిగతాది చూడకుండా బయటికొచ్చేశాడు.

ఆ రోజు బావ ఎక్కడ పని చేస్తున్నాడో అతనికి తెలుసు. బస్సెక్కి తిన్నగా అక్కడికే వెళ్లాడు. కింద లిఫ్టు తలుపు ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటింది. పైనుంచి మాటలు వినిపిస్తున్నాయి గానీ ఏమంటున్నారో అర్థం కావడం లేదు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. చివరికి పెట్టె కిందికి దిగి తలుపు తెరుచుకుంది. లోపల బావ, ఆ కొత్తతను, ఇద్దరూ గ్రీజు మరకలతో.

“ఏంట్రా, ఇవాళ సెలవు కదా నీకు?” అన్నాడు బావ.

ఇటుగా వచ్చానన్నాడు. గాయం లేని భుజం మీది బ్యాగు తను అందుకున్నాడు. ముగ్గురూ బస్‌స్టాపు వైపు నడిచారు. తర్వాతి భాగం తియ్యరట బావా అన్నాడు చిన్నవాడు. ఎందుకు తియ్యరు, బొమ్మలమ్మిన డబ్బులతోనే తీసేస్తారు అన్నాడు బావ. కొత్తతను ఏ సినిమా అని అడిగాడు. ఇద్దరూ ఒకేసారి ఆగి, అతని వైపు తిరిగి, ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ మొదటి భాగం నుంచి చెప్పడం మొదలెట్టారు. ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది.