నడిచొచ్చే స్తంభం

"స్తంభం జరిగిందర్రోయ్! ఈసారి పెద్దకోడలి గుమ్మం ముందుకి!"

వీధి చివర నుంచి ఇస్త్రీ మామయ్య పెట్టిన కేక అది. లోపల పెద్దకోడలు అప్పుడే నిద్ర లేచినట్టు ఆవులించింది గానీ, అరచేతులకంటిన తుప్పు మాత్రం కొంగుకు తుడుస్తూనే ఉంది.

సంగతేమిటంటే, కాలవ అవతల విసిరేసినట్టుండే ఆ పేటకి బస్సొచ్చి ఏడాదైంది. అంతకుముందు పని అడగడానికి వెళ్ళాలంటే గంటన్నర నడక. తీరా చేరేసరికి గేటు మూసేసేవాళ్ళు. బస్సుతోపాటు అది ఆగే చోటుకి గుర్తుగా ఓ ఇనుప స్తంభమూ వచ్చింది. పాతిన చోట పడుండే రకం కాదది. ఎవరికి ఉద్యోగం రాసిపెట్టి ఉందో, తెల్లారేసరికి వాళ్ళ గుమ్మం ముందుకి నడిచొచ్చి నిలబడుతుంది. బస్సూ అక్కడే ఆగుతుంది. దానిమీద తడిబట్టలు ఆరేయొద్దని తప్ప ఎవరూ దాని ఊసెత్తరు.

నిన్నటిదాకా రెండ్రోజులు అది చిన్నకోడలి గుమ్మం ముందుంది. తోడికోడళ్ళిద్దరికీ ఇల్లొకటే, అత్తగారి వంటా ఒకటే, కానీ మధ్యలో గోడ, రెండు గుమ్మాలు. ఈసారి పని బస్సు డిపోలో. ముందు మెకానిక్కుగా శిక్షణ, అయ్యాక అక్కడే ఉద్యోగం. మిగిలింది ఒక్కటే ఖాళీ. ఎంపిక ఇవాళే. దరఖాస్తు ఇద్దరూ పెట్టారు, కానీ ముందు పెట్టింది పెద్దకోడలు. మరి స్తంభం చిన్నదాని ముందుకెళ్ళడమేమిటి? రెండ్రోజులుగా ఆమెకి ముద్ద దిగలేదు. అందుకే చీకటితోనే లేచి, స్తంభాన్ని వాటేసుకుని నాలుగడుగులు ఇవతలికి లాగేసింది.

బస్సొచ్చింది. "ముందు స్తంభం వాళ్ళు ఎక్కండమ్మా!" అన్నాడు కండక్టరు.

"ఎక్కక్కా," అంది పక్క గుమ్మంలోంచి చిన్నకోడలు, నవ్వుతూ.

ఆ నవ్వుకి పెద్దకోడలికి ఒళ్ళు ఇంకా మండింది. మంచితనంలో కూడా ఇదే ముందా? "నువ్వూ రావే! నేనటు వెళ్ళగానే ఆడిపోసుకుందామనా?" అని చెయ్యిపట్టి లాక్కెళ్ళింది.

డిపోలో మేస్త్రీ ఓ బస్సు చక్రానికి బిగుసుకుపోయిన బోల్టు చూపించాడు. చిన్నకోడలు పానా వేసి వేలాడినా అది కదల్లేదు. తర్వాత పెద్దకోడలు పట్టింది. కడుపులో కుళ్ళంతా భుజాల్లోకి దిగిందేమో, బోల్టు కీచుమంటూ ఊడొచ్చింది. ఖాళీ ఆమెదయింది. చిన్నదాన్ని వచ్చే బ్యాచ్‌కి రమ్మన్నారు.

ఇంటికొచ్చాక చిన్నకోడలు మూతి విరుస్తూ కంచాలు ఠంగుఠంగున పడేసింది. భోజనానికి కూర్చున్న అన్నదమ్ములిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆ మూతివిరుపు పెద్దకోడలికి బాగా తెలిసిందే. రెండ్రోజులుగా అద్దంలో చూస్తున్నదేగా!

"పొద్దున స్తంభం లాగింది నేనేనే," అనేసింది.

"చూశాలే అక్కా. నేను మాత్రం? మొన్న ఇస్త్రీ మామయ్య వాకిట్లోంచి లాక్కొచ్చుకున్నాను."

"ఓసి నీ దుంప తెగ!"

మడతపెట్టిన బట్టలిద్దామని అప్పుడే గుమ్మంలోకొచ్చిన ఇస్త్రీ మామయ్య కస్సుమనబోయి, ఎందుకో చల్లారిపోయాడు. "నేనూ... దర్జీ ఇంటి ముందునుంచే తెచ్చాలెండి," అని గొణిగాడు.

అత్తగారు గరిటె పట్టుకుని పడీపడీ నవ్వింది. "క్రేనుతో దించిన స్తంభమర్రా అది! దానికి రావాలని లేకపోతే మీరు లాగితే వస్తుందా? కూర్చోండి, అన్నం చల్లారిపోతోంది. నువ్వూ రావయ్యా."

పెద్దకోడలు కాస్త జరిగి, చిన్నదానికి పక్కనే చోటిచ్చింది. "రోజూ నేర్చుకున్నదంతా సాయంత్రం నీకు చెప్తాలేవే."

చిన్నకోడలు కూర్చుని, ఆమె కంచంలోకి ఓసారి తొంగిచూసింది.

"అత్తయ్యా, అక్కకి కూర ఎక్కువేశారు."

అందరూ తినడం మొదలుపెట్టారు.