మోకాలి కేసు

కోడలు గది బయటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, మళ్లీ తనే తట్టి లోపలికి వచ్చింది. రెండు చేతులూ ఉత్తగాలిలో కడుక్కుంది. కుర్చీలో కూర్చున్న అత్తగారికి తన పేరు చెప్పి, ఈ పూట మిమ్మల్ని చూడబోయే డాక్టరును నేనేనండీ అంది. పొయ్యి మీద పాలు కాగేలోపు రోజూ జరిగే తంతే ఇది. కోడలు నెగ్గాల్సిన డాక్టరు పరీక్షలో నిజం రోగులుండరు, జీతానికి కూర్చోబెట్టిన నటులుంటారు. ఇంట్లో ఆ వేషం అత్తగారి వాటాకు వచ్చింది.

ఆవిడ దాన్ని ఆషామాషీగా తీసుకోలేదు. దర్జీ కొట్లో కాజాలు కుడుతూ బతుకంతా వెళ్లదీసిన మనిషి. నడుం పట్టేసినా, కళ్లు మసకేసినా నోరు విప్పి ఇదీ నా బాధ అని ఒకరికి చెప్పి ఎరుగదు. ఆ లోటంతా ఈ కుర్చీలో తీర్చుకునేది. దగ్గు కేసు నాడు ఆవిడ దగ్గిన దగ్గుకు పక్కవాటా వాళ్లు పరిగెత్తుకొచ్చారు. కోడల్ని 'డాక్టరుగారూ, మీరు' అని పిలిచేది కూడా ఆ కాసేపే. పాలు పొంగాయంటే మళ్లీ 'నువ్వే'.

కోడలు వేరే దేశంలో వైద్యం చదివింది. అక్కడ కొన్నాళ్లు పెద్దాసుపత్రిలో పనీ చేసింది. ఇక్కడ ఆ చదువు చెల్లాలంటే పరీక్ష నెగ్గాలి. రాతపరీక్ష గట్టెక్కింది కానీ నటుల ముందు రెండుసార్లు తప్పింది. రోగం మీదికి నేరుగా దూకేస్తోందట, మాటా మంచీ లేదట. ఇంకొక్కసారి మాత్రమే కూర్చోనిస్తారు. అది వచ్చేవారమే. తప్పితే ఈ జన్మకు ఇక్కడ డాక్టరు కాలేదు. లారీ మీద ఊళ్లు తిరిగే మొగుడు ఫోన్ చేసినప్పుడల్లా దాని ఊసెత్తకుండా జాగ్రత్తపడుతున్నాడు.

"ఏమైందండీ, చెప్పండి."

"ఇక్కడ బరువుగా ఉంది డాక్టరుగారూ." అత్తగారు రొమ్ము మీద అరచెయ్యి ఆనించుకుంది. "దవడ కూడా లాగుతోంది. రాత్రి నుంచీ."

కోడలు గడియారం వంక చూసింది. "అత్తయ్యా, అది మొన్నటి కేసు. ఇవాళ మోకాలు."

ఆవిడ "అవును కదూ. మతి నిలవటం లేదమ్మాయ్," అంటూ చేతిని రొమ్ము మీంచి మోకాలి మీదికి దించుకుంది.

ఇక మోకాలి సంగతులన్నీ వరసగా నడిచాయి. మెట్లెక్కితే నొప్పా, దిగితే నొప్పా, రాత్రిపూట నిద్ర పడుతోందా. ఆవిడ అన్నిటికీ పొల్లుపోకుండా జవాబులు చెప్పింది. "ఇప్పుడు మీ నాడి చూస్తానండీ," అని కోడలు మణికట్టు మీద వేళ్లు వేసింది. లెక్కపెట్టే పని లేదు. పరీక్షలో ఆ అంకె పరీక్షాధికారే చెబుతాడు. అనాల్సిన మాట అనకపోతేనే మార్కు ఎగిరిపోతుంది. అందుకని ఆ మాట అని, అయిందనిపించి వేళ్లు తీసేసింది. చివర్న, కిందటిసారి తను మరిచిపోయిన ప్రశ్న కూడా గుర్తుపెట్టుకుని అడిగింది.

"మీకు దేని గురించైనా దిగులుగా ఉందాండీ?"

"ఉంది. ఇంకెన్నాళ్లు నీచేత ఆ దుప్పట్లు మడతపెట్టిస్తారో అని."

కోడలు నవ్వేసింది. రోగికి అవన్నీ తెలియవు అత్తయ్యా అని దిద్దింది. ఇవాళ మూలగడం బొత్తిగా తగ్గిందని, సాయంత్రం ఇంకోసారి సరిగ్గా చేద్దామని చెప్పి, పాలు దించి, చెప్పులేసుకుని పనికి పోయింది.

పని ఆసుపత్రిలోనే. కాకపోతే అడుగున, బట్టలుతికే చోట. యంత్రాల రొదలో, ఆవిరిలో, పై అంతస్తుల్లోంచి వచ్చే దుప్పట్లు తీసి ఆరబెట్టి మడతలు పెట్టాలి. డాక్టర్ల తెల్లకోట్లు ఇస్త్రీ చెయ్యాలి, ముందు జేబుల్లో పెన్నులు మరిచిపోయారేమో తడిమి చూడాలి. మేస్త్రి మంచివాడే. నువ్వు డాక్టరమ్మవైపోతే నీ కోటు నేనే ఉతికిస్తానులే అని ఆటపట్టిస్తాడు. ఆమె నవ్వుతుంది కానీ ఈ మధ్య ఆ నవ్వుకు కూడా ఓపిక కావలసివస్తోంది. చేతులు దుప్పట్ల మీద, పెదవులు ప్రశ్నల మీద, ఒళ్లు ఎక్కడ దొరికితే అక్కడ కూలబడదామన్నట్టు ఉంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక యంత్రం మూత తీసి, నీళ్లు పిండిన దుప్పటి కొస పట్టుకుని లాగింది. చల్లగా, చెమ్మగా వేళ్లకు తగిలింది. పొద్దున పట్టుకున్న మణికట్టు ఇలాగే ఉంది.

పొయ్యి పక్కన కూర్చున్న మనిషికి ఆ చల్లదనం ఏమిటి? ఆ చెమట ఏమిటి? మొన్నటి కేసులో దవడ లాగడం ఎక్కడుంది? నాడి ఎలా కొట్టుకుందో గుర్తు తెచ్చుకోబోయింది. వడిగానా, ఆగి ఆగి కొట్టుకుందా? వేళ్లకు ఏమీ గుర్తులేదు. తను అన్న మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తున్నాయి.

ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పక్కవాటా వాళ్లూ ఎత్తలేదు. అంబులెన్సును ఇంటికి పంపమని చెప్పింది. బండి రావడానికి ఆలస్యమవుతుందన్నారు. మేస్త్రితో ఒక్కముక్క అని, తడి చేతులతోనే బయటపడింది. బస్సులో కూర్చున్నంతసేపూ గ్యాసేమో, నీరసమేమో అని మనసు ఏవేవో సర్దిచెబుతూ ఉంది. ఆమెలోని డాక్టరు ఒక్కదానికీ ఒప్పుకోలేదు.

తలుపు ఈసారి తట్టలేదు. అత్తగారు అదే కుర్చీలో, తల గోడకు ఆనించి కునుకు తీస్తున్నట్టు ఉంది. పాలగిన్నె తోమి బోర్లించి ఉంది. కోడలు నేలమీద మోకరిల్లి మణికట్టు పట్టుకుంది. ఏ మాటా అనలేదు. వేళ్లు కదిలించకుండా, ఊపిరి బిగబట్టి, ఒకటి అని లెక్కపెట్టడానికి చాలాసేపు కాచుకుంది. ఒకటి రాలేదు. నేను డాక్టరును అనుకోవడానికి ఆమెకు మొట్టమొదటిసారి సిగ్గు వేసింది. అత్తయ్యా, చెప్పకూడదా అని ఏడ్చింది. చెప్పిందని తెలుసు కాబట్టి ఇంకా ఏడ్చింది.

వీధిలో అంబులెన్సు వచ్చి ఆగిన చప్పుడైంది. కళ్లు తుడుచుకోబోతూ ఆమె కిందికి చూసింది. ఏ నొప్పీ ఎరుగని ఆ కుడి మోకాలికి, సాయంత్రం వేషం కోసం, ఓ పాత తువ్వాలు గట్టిగా బిగించి కట్టి ఉంది.