సన్యాసినాయుడు గారి ఏడో నంబరు కర్ర

నేను ఒక గోల్ఫ్ కర్రను. మాలో నంబర్లుంటాయి, నాది ఏడు. బంతిని కనుచూపు దాటేలా కొట్టడానికి పొడుగు కర్ర ఉంది, చివర్లో గుంటలోకి నెట్టడానికి పొట్టి కర్ర ఉంది. ఆ రెంటికీ మధ్యనున్న చాకిరీ అంతా నాది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతికి ముందు నన్నే ఇస్తారు. అందుకే నా జన్మలో బంతికంటే నేలకే ఎక్కువ తగిలాను.

పుట్టింది పంజాబులో, ఒక కార్ఖానాలో. ఒంటికి సానపట్టి, మెడకు ఉక్కు గొట్టం తగిలించి, చేతిపట్టుకు రబ్బరు తొడిగారు. తోటి కర్రలతో కలిపి సంచిలో వేసి, విజయనగరం దారిలో ఉన్న ఒక ఇంజనీరింగు కాలేజీకి పంపారు. ఇంజనీర్లకు నాతో ఏం పనని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ కాలేజీ ఛైర్మన్ గారు ఒకసారి హైదరాబాదులో పెద్ద కంపెనీ వాళ్ళను కలవబోతే, దొరవారు గోల్ఫ్ ఆడుతున్నారని ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టారట. ఊరికి తిరిగొచ్చి, మన పిల్లలకూ ఈ ఆట రావాల్సిందే అన్నారు. నన్ను పట్టుకుని ఫొటో దిగారు. తలకిందులుగా పట్టుకున్నారు. ఆ ఫొటో అడ్మిషన్ల పుస్తకం అట్ట మీదికెక్కింది. ఎవరూ ఏమీ అనలేదు.

నన్ను సరిగ్గా పట్టుకున్న మొదటి మనిషి కోరాడ సన్యాసినాయుడు గారు. నౌకాదళంలో కసరత్తు నేర్పే ఉద్యోగం చేసి, అక్కడి ఆఫీసర్ల దగ్గర ఈ ఆట పట్టుబడి, దాని మీద పిచ్చి పెంచుకుని, పెన్షన్ తీసుకుని వచ్చిన మనిషి. కాలేజీ ఆయన్ని గోల్ఫ్ కోచ్‌గా పెట్టుకుంది. మైదానం మాత్రం ఇవ్వలేదు. హాస్టలు వెనక జీడితోటను ఆనుకుని ఎర్రమట్టి బంజరు ఉంటే, అదే మీ మైదానం అన్నారు. ఆయన స్వయంగా రాళ్ళు ఏరి, పాలపొడి డబ్బాలు నేలలో పాతి గుంటలు చేసుకున్నారు. గడ్డి కాస్త మొలిస్తే పక్క ఊరి పశువులు వచ్చి మేసిపోయేవి. మాస్టారు వాటిని అదిలించేవారు కాదు. గడ్డి కోసే మిషను కొనివ్వలేదు కదా, అవైనా కోస్తున్నాయి అనేవారు.

ఆయన కష్టం పశువులతో కాదు, పిల్లలతో. ఒక కుర్రవాడికి నిలబడడం, భుజం తిప్పడం, తల ఎత్తకుండా ఉండడం ఒంటబట్టేసరికి మూడో ఏడు వచ్చేది. మూడో ఏడు రాగానే ఇంటర్న్‌షిప్ అనేవాడు, కోచింగ్ అనేవాడు, సాయంత్రాలు కనిపించడం మానేసేవాడు. మాస్టారు మళ్ళీ మొదటేడు వాళ్ళను పోగుచేసి, మళ్ళీ నన్ను వాళ్ళ చేతుల్లో పెట్టేవారు. నేను మళ్ళీ మట్టి తవ్వేదాన్ని. ఏళ్ళు అలాగే గడిచాయి. ఆయన జుట్టు నెరిసింది. బంతికి తగిలే నా ముఖం మీది గాట్లు అరిగిపోయాయి. ఛైర్మన్ గారు ఏటేటా వార్షికోత్సవంలో, "మన గోల్ఫ్ టీము కప్పు ఎప్పుడు తెస్తుందండీ?" అని నవ్వుతూ అడిగేవారు. మాస్టారు కూడా నవ్వేవారు. ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుండిపోయేవారట.

అలాంటప్పుడు సుచరిత వచ్చింది. గాజువాకలో మోటారు వైండింగ్ షాపు నడిపే ధర్మారావు గారి కూతురు. మూడో ఏడు వచ్చినా మానలేదు, నాలుగో ఏడు వచ్చినా మానలేదు. ఆమె చేతుల్లో నాకు బరువుండేది కాదు. నేల తగిలేది కాదు. బంతి తగిలినప్పుడు వచ్చే ఆ చిన్న శబ్దం వినడానికి మాస్టారు కళ్ళు మూసుకునేవారు.

విశ్వవిద్యాలయాల పోటీలు మైసూరులో జరిగాయి. ఆఖరి రోజు ఆట మిగిలి ఉండగా సుచరిత అందరికంటే ముందుంది. ఆ సాయంత్రం కాలేజీ నుంచి ఫోను వచ్చింది. ఆమె విడిది వరండాలోకి వచ్చి నిలబడింది.

"సార్, ఎల్లుండి పొద్దున పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకి వస్తోందంట. మా బ్రాంచికి ఈ ఏడాది అదొక్కటేనంట. ఇప్పుడు బయల్దేరితేనే అందుకుంటాను. ఏం చెయ్యమంటారు?"

మాస్టారు నన్ను గుడ్డతో తుడుస్తున్నారు. తుడిచినచోటే మళ్ళీ తుడిచారు.

"ఎల్లిపోమ్మా," అన్నారు.

"నేను ఆడాలని మీకు లేదా సార్?"

"నాకుంటే ఏటమ్మా? ఉంది కాబట్టే, నా కోసం ఆగిపోకూడదనే ఎల్లమంటున్నాను. మీ నాన్నగారు షాపులో నడుం వంచి కూర్చున్నది ఈ కప్పు కోసం కాదు."

ఆయనే వెళ్ళి బస్సు టికెట్టు తెచ్చిచ్చారు. మర్నాడు పొద్దున మైదానానికి వెళితే, సుచరిత బూట్ల తాళ్ళు కట్టుకుంటూ కనిపించింది.

"బస్సేదమ్మా?"

"వెళ్ళిపోయింది సార్."

ఆయన నన్ను సంచిలోంచి తీసి, మరోసారి గుడ్డతో తుడిచి ఆమెకు అందించారు.

ఆఖరి గుంట ముందు చెరువులాంటి మడుగు ఉంది. సుచరిత నన్నే తీసింది. నా ముఖం నడిమధ్యలో బంతి తగిలింది. అంత బాగా నేను బంతికి తగలడం నా ఎరుకలో లేదు. బంతి నీళ్ళు దాటింది, అవతలి గట్టు మీద పడింది. అప్పుడు గాలి విసిరిందో, గట్టు వాలు ఎక్కువైందో, బంతి ఆగి, తటపటాయించి, వెనక్కి దొర్లి నీళ్ళలో పడిపోయింది. కప్పు ఎవరో చండీగఢ్ అమ్మాయి పట్టుకుపోయింది. తిరుగు ప్రయాణమంతా మాస్టారూ సుచరితా చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

వారం తిరక్కుండా ధర్మారావు గారు కాలేజీకి వచ్చారు. మైదానం అంచున, పిల్లలందరి ముందూ నిలబడి అరిచారు.

"దాని కూడా సదివినోళ్ళందరికీ ఉద్యోగాలొచ్చినాయి! బిళ్ళంగోడు ఆట కోసం నా కూతుర్ని ఆపేస్తావేటి? ఎవుడు ఆపమన్నాడు నిన్ను?"

"నాన్నా, సార్ కాదు..." అంటూ సుచరిత ముందుకొచ్చింది.

"నువ్వు క్లాసుకెళ్ళమ్మా," అన్నారు మాస్టారు. తర్వాత ధర్మారావు గారి వైపు తిరిగి, "అవునండీ. నేనే ఆడమన్నాను. పిల్ల తప్పేటీ లేదు," అన్నారు.

నేను ఆయన చేతిలోనే ఉన్నాను. నాకు నోరుంటే ఆ రోజు వాడేదాన్ని.

ఛైర్మన్ గారికి ఒక సాకు కావలసి వచ్చింది, దొరికింది. గోల్ఫ్ ఆగిపోయింది. ఎర్రమట్టి బంజరులో కొత్త హాస్టలు లేచింది. మాస్టారిని కాలేజీ బస్సులు చూసుకోమన్నారు. రోజూ పొద్దునా సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఈల ఊదేవారు. నన్ను విరిగిన కుర్చీలతో పాటు స్టోరు గదిలో పడేశారు. అక్కడ తుప్పు పట్టడం నేర్చుకున్నాను. అదేమంత కష్టమైన విద్య కాదు. మాస్టారు రిటైరైన రోజు స్టోరు కీపరు నన్ను ఆయన చేతిలో పెట్టి, "ఎలాగూ పాత ఇనుములోకి పోయేదే, పట్టుకెళ్ళండి సార్," అన్నాడు. తగరపువలసలో ఆయన ఇంటికి చేరాను. అందని కిటికీ రెక్కను మూయడానికి ఆయన భార్య సత్యవతమ్మ గారు నన్ను వాడుకునేవారు. నా బతుకులో అంత ఖచ్చితమైన పని ఎవరూ నాకు చెప్పలేదు.

మొన్నటి వేసవికి ముందు, ఒక సాయంత్రం ధర్మారావు గారు వచ్చారు. మనిషి చిక్కిపోయారు. గుండెకు ఆపరేషనై షాపు మూసేశారట. సుచరితకు ఆ పోటీల మరుసటి ఏడే పుణెలో ఏదో ఉద్యోగం వచ్చిందట, ఇప్పటికీ అక్కడే ఉందట. కాఫీ గ్లాసు పట్టుకుని, తాగకుండా, నేల చూస్తూ అన్నారు.

"తనే బస్సెక్కకుండా ఆగిపోయానని మా పిల్ల ఇన్నాళ్ళకి చెప్పింది మాస్టారూ. ఆ రోజు మీరెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంటికెళ్ళి దాన్ని తిట్టీవోరు. నన్నంటే అక్కడితో అయిపోద్ది కదా."

"అయిపోనేదు కదా. మీ ఆటే ఆపేసినారు."

మాస్టారు భుజాలు ఎగరేశారు.

"దానికి ఒకటే బెంగ," అన్నారు ధర్మారావు గారు. "ఆ ఆఖరి బంతి నీళ్ళలో పడినప్పుడు మీరు ఒక్క ముక్కా మాటాడనేదంట. కోపమొచ్చిందనుకుందంట."

"కోపమేటి? అంత బాగా కొట్టిన దెబ్బ నా సర్వీసులో చూడలేదు. నోట మాట రాలేదు."

"మరి ఆ మాట దానికి సెప్పండి." ధర్మారావు గారు ఫోను తీసి, నంబరు నొక్కి, ఆయన చేతిలో పెట్టారు.

మాస్టారు ఫోను చెవికి పెట్టుకున్నారు. "అమ్మా, నేను... సన్యాసినాయుడు సార్ని. ఆ రోజు నువ్వు చాలా బాగా కొట్టినావమ్మా. చెప్పడం మర్చిపోయాను."

అవతల మాట లేదు. ధర్మారావు గారు కంగారుగా లైను తెగిందేమోనన్నారు. మాస్టారు లేదన్నట్టు చెయ్యి ఊపి, ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా అదుముకున్నారు.

"ఉన్నానమ్మా," అన్నారు. "వినబడుతోంది. ఏడవకు."