మస్కట్ ఎంత దూరం

గురమ్మ చేట ముందేసుకుని ఎండుచేపల తలలు తుంచుతోంది. పక్కన కూర్చుని తోకలు గిల్లుతున్న కూతురు హైమ మళ్లీ అదే మాట ఎత్తింది. నర్సు చదువు పూర్తయింది, మస్కట్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, సాయంత్రం రైలెక్కాలి. తల్లి మాత్రం ఊఁ అనడం లేదు.

గురమ్మకు దూరమంటే వీరావల్. గుజరాత్‌లోని ఆ రేవుకు వేటకెళ్లే ఉద్దానం మగవాళ్లు మూడు రోజులు రైల్లోనే ఉంటారు. ఆమె మొగుడు అక్కడే పోయాడు. కబురందుకుని బయల్దేరినా కడచూపు దక్కలేదు.

"వీరావల్ దాటి, ఆపైన సముద్రం కూడా దాటాలంట గదే! నాను పోతే నువ్వు ఎప్పటికొత్తావు? నా పీనుగుని ఈ సేపల్లాగ ఉప్పేసి ఎండబెట్టాలేటి?"

"అమ్మా, ఎస్టీడీ బూతు నుంచి ఏజెంటునడిగినాను. హైదరాబాదులో ఇమానమెక్కితే మూడున్నర గంటలే. మన పలాస నుంచి ఇశాపట్నం పాసింజరు అంతకన్నా ఎక్కువ తీసుకుంటాది."

"సాల్లే! సముద్రం అంత ఇరుకేటి?"

"ఇరుకు కాదు, ఇమానం జోరు. హైదరాబాదు నుంచి ఇక్కడికి ఇంకో రాత్రి. టిక్కెట్టు దొరక్కపోతే ఇంకో రోజు. నీకు అబద్ధం సెప్పను. అయినా నాను ఎల్తాను."

 గురమ్మ చేట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, హైమ పెట్టెను తలకెత్తుకుంది. గడప దాటి, ఆటోలు ఆగే రోడ్డువైపు నడిచింది.